లో వోల్టేజీ అంటే అంత లోకువా?

మా పాతపట్నంలో పెరిగినవాడికి "లో వోల్టేజీ" అంటే తిట్టుతో సమానం. ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు, బోరు మోటారు మూలుగుతుంది తప్ప నీళ్ళెత్తదు. అందుకే కాబోలు, మోటార్ డ్రైవ్ ఎవాల్యుయేషన్ బోర్డుని (చిప్పు కంపెనీలు తమ సరుకు ఎలా పనిచేస్తుందో చూసుకోమని అమ్మే బోర్డు) ముందు 24 వోల్టుల డీసీ మీద నడుపుదామంటే మనవాళ్ళకి నామోషీ. "230కి చేసిందే కదా, ప్లగ్గు పెట్టెయ్" అంటారు. ఇది ధైర్యం కాదండీ, లెక్క రాకపోవడం.

230 ఏసీని రెక్టిఫై చేస్తే డీసీ బస్ మీద దాదాపు 325 వోల్టులు. అక్కడున్న 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో 53 జౌళ్ళు. అదే 24 వోల్టుల దగ్గర 0.3 జౌలు కూడా ఉండదు. కోడ్‌లో డెడ్ టైమ్ తప్పు రాశారనుకోండి, ఒకే లెగ్‌లో పైదీ కిందదీ రెండు స్విచ్‌లూ ఒకేసారి ఆన్ అవుతాయి. కరెంట్ లిమిట్ అర ఆంపియర్‌కి పెట్టిన సప్లై అయితే చాలాసార్లు చతికిలబడి ఊరుకుంటుంది. 325 దగ్గరైతే ఐజీబీటీ టపాకాయే. ప్రొడక్షన్ సర్వర్ మీద నేరుగా కోడ్ పెట్టే కుర్రాణ్ణి చూస్తే మీరందరూ లబోదిబోమంటారు కదా, మరి ఇక్కడ స్టేజింగ్ అక్కర్లేదా?

నాకు అసలు ఒళ్ళు మండేది ఆసిలోస్కోప్ దగ్గర. ప్రోబ్ క్లిప్పు అంటే ఎర్త్. మెయిన్స్ నుంచి నేరుగా నడిచే బోర్డులో డీసీ నెగటివ్ ఎర్త్ కాదు. క్లిప్పు తగిలిస్తే ఢామ్! దానికి మనవాళ్ళ పరిష్కారం, స్కోప్ ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం. కాలేజీ లాబుల్లో నేర్చుకున్న ఈ విద్యని కంపెనీలదాకా మోసుకొచ్చాం. ఇప్పుడు స్కోప్ ఒళ్ళంతా కరెంటే, ముట్టుకున్నవాడి అదృష్టం. మెయిన్స్ పీకేసి, ఐసొలేషన్ ఉన్న డీసీ సప్లై వాడితే ఈ గొడవే లేదు. అన్నట్టు 1956 నాటి విద్యుత్ నిబంధనల్లో 250 వోల్టుల దాకా "లో వోల్టేజీ"యే. పేరుకే లోకువ, ప్రాణం తీయడానికి చాలు.

"24కి మోటార్ ఏం తిరుగుతుందోయ్?" తిరుగుతుంది. 1500 ఆర్‌పీఎం మోటారు ఓ 110 తిరుగుతుంది. తిరిగే దిక్కు, హాల్ సెన్సర్ల వరస, కరెంట్ సెన్సర్ ప్లస్సో మైనస్సో చూడ్డానికి అది ఎక్కువే.

చిక్కులు లేవనను. బోర్డు మీది సొంత పవర్ సప్లై 24 వోల్టులకి నిద్ర లేవదు. స్కీమాటిక్ చూసి గేట్ డ్రైవర్‌కి 15 వోల్టులు, కంట్రోలర్‌కి దాని వోల్టేజీ విడిగా ఇవ్వాలి. అండర్ వోల్టేజ్ ఫాల్ట్ కొడుతుంది. దాన్ని కామెంట్ చేసి మర్చిపోయే మహానుభావులున్నారు, హద్దు మార్చాలి గానీ తీసెయ్యకూడదు. ఇంకోటి, కరెంట్ లూప్ అవుట్‌పుట్ నేరుగా డ్యూటీ అయితే, 24 దగ్గర కుదిరిన గెయిన్ 325 దగ్గర పదమూడు రెట్లు దాటుతుంది. కొలిచిన బస్ వోల్టేజీతో భాగించి తీరాలి. గబుక్కున బ్రేకు వేస్తే మోటారు కరెంటుని వెనక్కి తోస్తుంది, మామూలు సప్లై దాన్ని మింగలేదు, బస్ వోల్టేజీ పైకి లేస్తుంది.

వేడి, ఇన్సులేషన్, స్విచింగ్ నాయిస్ సంగతి 24 దగ్గర తేలదు, నిజమే. అందుకే మెట్టుమెట్టుగా పెంచమనేది. కానీ బోర్డు కొనడానికి కళ్ళు మూసుకుని సంతకం పెట్టిన మేనేజరు, సప్లై అడిగితే లాప్‌టాప్ చార్జర్ చూపిస్తాడు. దాంట్లో కరెంట్ లిమిట్ తిప్పే గుండీ ఎక్కడుందో ఆయన్నే అడగండి.