పేదలకు పోషకాహార పాఠాలు: ఒక లెక్క

సెప్టెంబరు వచ్చిందంటే పోషణ మాసం. 2018లో పోషణ్ అభియాన్ మొదలైన దగ్గర్నుంచి ఏటా జరిగే తంతు ఇది. మా పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మా నోటికి ఇంకా తిరగలేదు) ఆ నెలలో బస్తీల్లో వంట ప్రదర్శనలు పెడతారు. ఒక మిత్రుడు లాక్కెళితే అలాంటి సభ ఒకటి చూశాను. నిర్వాహకుల పేరు అనవసరం.

వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మన తెలుగు ఆడవాళ్ళే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి చేపల వేటకీ, కూలిపనికీ వచ్చి జంగ్లీఘాట్ చుట్టుపక్కల స్థిరపడ్డ కుటుంబాలు. వేదిక మీదావిడ యాపిల్, దానిమ్మ, పనీర్ కలిపి సలాడ్ చేసి చూపించి, రోజూ ఐదు రంగుల కూరగాయలు, పళ్ళు తినాలని చెప్పారు. ప్రశ్నలుంటే అడగమన్నారు. ముందు వరసలోంచి ఒకామె లేచింది. "బాగానే చెప్పారమ్మా. ఓడ రాకపోతే మా బజార్లో టమాటాయే కొనలేం. మాకు తెలీక తినట్లేదనుకున్నారేటి?"

అందరూ నవ్వారు. జవాబు మాత్రం రాలేదు.

మిత్రులారా, ఎవరైనా ఒక మాట చెబితే దాని కింద దాగిన ఊహ ఏమిటని తవ్వి చూడటం హేతువాదుల అలవాటు. దేవుడి విషయంలో, జాతకాల విషయంలో ఆ పని బాగానే చేస్తాం. ఇలాంటి మంచి పనుల దగ్గరికి వచ్చేసరికి మొహమాటపడతాం. ఈ సభల కింద ఉన్న ఊహ ఒకటే: పేదవాడు బలహీనంగా ఉన్నది తెలియక. దీన్ని ఎవరు, ఎక్కడ రుజువు చేశారు?

నేను రక్షణ శాఖ పద్దుల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. సైన్యంలో రేషన్ స్కేలు అని ఒకటుంటుంది. మనిషికి రోజుకి బియ్యం లేదా ఆటా ఇన్ని గ్రాములు, పప్పు ఇన్ని, నూనె, కూరగాయలు, మాంసం ఇన్ని అని. ఎత్తైన మంచు ప్రాంతాల్లో పనిచేసేవాళ్ళకి వేరే స్కేలు. మేం బిల్లులు చూసేటప్పుడు ఆ గ్రాముల లెక్కే చూసేవాళ్ళం. జవాను చేతిలో చార్టు పెట్టి "నీ జీతంలో సమతులాహారం వండుకో" అని ఎవరూ అనలేదు. అతని ఒంట్లో బలం దేశానికి కావాలి గనక తిండి పెట్టారు. పేదింటి ఇల్లాలికి మాత్రం పాఠం చెప్పి పంపిస్తాం. పాఠం చవక మరి.

ఈ దీవుల్లో కూరగాయల సంగతి బయటివాళ్ళకి తెలియదు. నీల్ ద్వీపం (2018 నుంచి షహీద్ ద్వీప్) లాంటి చోట్ల బాగానే పండిస్తారు, కానీ అది చాలదు. మిగతాది ఓడలో సముద్రం దాటి రావాలి. తుఫాను పట్టి ఓడ ఆగితే ఉల్లిపాయ కూడా విలాస వస్తువే. ఇక్కడి ఇల్లాలు ఏం వండాలో నిర్ణయించేది ఆమె జ్ఞానం కన్నా ముందు ఆమె కొంగున ఉన్న డబ్బు.

మన పోషకాహార శాస్త్రం చరిత్రే ఇందుకు సాక్ష్యం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మూలాలు 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక్క గదిలో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనలో ఉన్నాయి. ఆ రోజుల్లో మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి ఎక్కువగా కనిపించింది మన ఉత్తర సర్కారు జిల్లాల్లోనే. తమిళ జిల్లాల్లో అరుదు. తమిళులకు పోషకాహారం గురించి ఎవరూ ఉపన్యాసాలివ్వలేదు. వాళ్ళు తిన్నది ఉప్పుడు బియ్యం, మనవాళ్ళు తిన్నది మరపట్టిన తెల్ల పచ్చి బియ్యం. వడ్లు ఉడకబెట్టినప్పుడు తవుడులోని బి1 విటమిన్ గింజలోకి ఇంకుతుంది. అంతే తేడా.

ఇంకొకటి. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, తన సహచరులతో 1956లో కాంగ్రా లోయలో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. లోయని మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు. అయోడిన్ అందిన చోట్ల గాయిటర్ బాగా తగ్గింది, మామూలు ఉప్పు తిన్న చోట అంతగా తగ్గలేదు. పోల్చి చూడటానికి ఒక భాగాన్ని వేరుగా ఉంచడం చూడండి, అదీ శాస్త్రీయ పద్ధతి. ఎవరి వంటా మార్చలేదు, ఉప్పు మార్చారు.

అయితే పాఠాలే వద్దంటానా? అనను. డబ్బు అక్కర్లేని చోట, అజ్ఞానమే అడ్డమైన చోట పాఠం కావాలి. ఇదే బస్తీల్లో బాలింతకి పప్పు పెట్టరు, "చీము పడుతుంది" అని. ముర్రుపాలు పిండి పారబోయించే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. గర్భిణికి బొప్పాయి ముక్క వద్దు, గ్రహణం రోజు మంచినీళ్ళు కూడా వద్దు. భోజనంతోపాటే టీ తాగితే తిన్నదాంట్లో ఇనుము సరిగా ఒంటబట్టదనీ, ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే బాగా పడుతుందనీ చెప్పినవాళ్ళు లేరు. నేను చూసిన సభలో వీటిలో ఒక్కటీ రాలేదు. నమ్మకాల జోలికి వెళితే గొడవని భయం కాబోలు. సలాడ్‌తో ఏ గొడవా ఉండదు.

ఇక ఆ భయం ప్రభుత్వాలకి పడితే ఏమవుతుందో 2015లో మధ్యప్రదేశ్‌లో చూశాం. అంగన్‌వాడీ పిల్లలకి గుడ్డు పెట్టాలన్న ప్రతిపాదనని ముఖ్యమంత్రే తోసిపుచ్చారు. తమిళనాడులో, ఆంధ్రలో బడిపిల్లలు గుడ్డు తింటూనే ఉన్నారు, వాళ్ళ మతాలకేమీ కాలేదు.

సభ అయ్యాక ఆ ముందు వరసావిడతో మాట్లాడాను. నెత్తళ్ళు చవగ్గా దొరికిన రోజు ముళ్ళతో సహా చింతపండు పులుసు పెడుతుందట, మిగిలినవి ఎండబెట్టి వానాకాలానికి దాస్తుందట. ముల్లుతో తిన్న చిన్న చేపలో మాంసకృత్తులూ ఉన్నాయి, కాల్షియమూ ఉంది. ఆ మాట చెబితే, "అయితే నేనూ పాఠం చెప్పొచ్చన్నమాట బాబూ" అంది.

నిర్వాహకులకి ఉత్తరం రాశాను. వచ్చే ఏడు వేదిక మీద ప్రతి దినుసు పక్కనా ఆ రోజు బజారు ధర రాసిన పలక పెట్టమనీ, నెత్తళ్ళ పులుసు ఆవిడ చేతే వండించమనీ. ఇంకా జవాబు లేదు.