కేసీ వ్యాలీ నీళ్లు: చెరువులు నిండాయి, శుద్ధి మాటేమిటి?

ఏడాది పొడవునా పారే నది లేని మన కోలారు జిల్లాకు బెంగళూరు మురుగే ఇప్పుడు చెరువు నీరై వస్తోంది. కోరమంగల–చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన నీటిని రోజుకు 44 కోట్ల లీటర్ల లెక్కన చెరువులకు ఎత్తిపోయడమే కేసీ వ్యాలీ పథకం. 2018 జూన్‌లో తొలి నీళ్లు లక్ష్మీసాగర చెరువుకు చేరాయి. మరుసటి నెలే నురగ కనిపించింది, హైకోర్టు స్టే ఇచ్చింది. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ తర్వాత నీళ్లు మళ్లీ వదిలారు.

లాభం లేదని మేము అనం. ఎండిన బోర్లలో నీళ్లు లేచాయి. టమోటా, మల్బరీ రైతులు ఊపిరి పీల్చుకున్నారు. అయితే ఈ నీటికి జరిగేది రెండో దశ శుద్ధి మాత్రమే. సూక్ష్మజీవులు మలినాన్ని తింటాయి, బురద అడుగుకు దిగుతుంది. నత్రజని, భాస్వరం మాత్రం చాలావరకు నీటిలోనే ఉండిపోతాయి. చెరువుల్లో గుర్రపుడెక్క బలిసేది వాటితోనే.

మన చెరువులు గొలుసుకట్టు. ఒకటి నిండితే కాలువ వెంట కింది చెరువుకు పోతుంది. ఇంకిన నీరు పంచాయతీ బోరుకు చేరుతుంది. ఊరు తాగేదీ ఆ బోరు నీళ్లే. కేజీఎఫ్‌లో 2001లో గనులు మూసేశాక బంగారం పోయింది, సయనైడ్ దిబ్బలు మనకు మిగిలాయి. మళ్లీ అలా కాకూడదు.

నీళ్లు వద్దనడం లేదు. మూడో దశ శుద్ధి చేసి పంపమంటున్నాం. బోరు నీటి పరీక్షల ఫలితాలు ప్రతి పంచాయతీ ఆఫీసు గోడమీద కన్నడంలోనూ, తెలుగులోనూ పెట్టమంటున్నాం. వచ్చే గ్రామసభలో ఈ రెండూ అడుగుదాం, తీర్మానంలో రాయిద్దాం.