చెరువు నింపుడే కాదు, దించుడూ తెలియాలె



మన పాలమూరు జిల్లాల్లో చెరువులు నింపిన సంగతి చెప్పని నాయకుడు లేడు. కృష్ణ నీళ్లు కాలువకు వచ్చిన రోజు పూలు చల్లుతారు. అలుగు పారిన రోజు కొబ్బరికాయ కొడతారు. మంచిదే. కానీ అదే చెరువును ఎప్పుడు దించాలి, ఎట్లా దించాలి, ఎవరు చెప్తే దించాలి అనే మాట ఏ మీటింగులోనూ రాదు. నింపడానికి లెక్క ఉంది, ఖాళీ చేయడానికి లెక్క లేదు. ఈ లోటు మన కట్టల మీదికి వస్తుందని నా వాదన.

వెనుకట ఈ ప్రశ్నే లేదు. వానలు పడితే చెరువు నిండేది, ఎండాకాలానికి అడుగంటేది. తూము మూతి, రివిట్‌మెంటు రాళ్లు, కట్ట లోపలి వాలు ఏటా కళ్లకు కనబడేవి. ఎలుక బొక్క ఎక్కడుంది, తుమ్మ వేరు ఎక్కడ దిగింది, రాయి ఎక్కడ జారింది అనేది నీరటికి తెలిసేది. వానకాలం రాకముందే ఊరు కలిసి బాగు చేసుకునేది. ఇప్పుడు కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతలు వచ్చినయి. మే నెలలో కూడా నీళ్లున్న చెరువులు చాలా ఉన్నాయి. ఆ నీళ్ల కోసం కొట్లాడింది మనమే, అవి వద్దని ఎవరూ అనరు. కానీ ఏళ్ల తరబడి అడుగు కనబడని చెరువుకు కట్ట లోపల ఏం జరుగుతున్నదో కూడా కనబడదు.

మన జిల్లాలోని సరళాసాగర్‌నే చూడండి. 1949లో పనులు మొదలై 1959లో పూర్తయిన ప్రాజెక్టు అది. నీళ్లు నిండు మట్టానికి రాగానే సైఫన్లు వాటంతట అవే అందుకుంటాయి. గేటు ఎత్తే మనిషి అక్కర లేదు, కరెంటు అక్కర లేదు. పైకి ఎక్కిన నీళ్లు సైఫను గొట్టంలోని గాలిని లాగేస్తాయి, ఆ తరువాత మట్టం దిగి మళ్లీ గాలి దూరేదాకా ధార ఆగదు. దేశంలో పేరున్న ఇంజినీరింగు అది. అట్లాంటి ప్రాజెక్టు మట్టికట్టకు 2019 డిసెంబరు 31న గండి పడింది. అది వాన రోజు కాదు, వరద రోజు కాదు. యాసంగికి ఆశపెట్టుకున్న నీళ్లన్నీ వాగు పాలై రామన్‌పాడు వైపు పోయినయి. తరువాత కట్టను మళ్లీ కట్టారు.

దీంట్లో మనం నేర్వాల్సింది ఒకటుంది. సైఫను ఎక్కువైన నీళ్లను పంపగలదు, అలుగూ అంతే. కానీ కట్ట లోపల సన్నగా మొదలైన ఊటను సైఫను చూడదు, అలుగు చూడదు. చూడాల్సింది మనిషే. చూడాలంటే చెరువును అప్పుడప్పుడు దించాలె.

ఎప్పుడు దించాలి? మార్చి నుంచి మే లోపల. యాసంగి పంటకు తడులు ఇస్తూనే దించాలి. ఒక్క బొట్టు కూడా వాగు పాలు చేయనక్కర లేదు. ఆ చెరువుకు కాలువ నీళ్లు ముందుగా ఆపితే చాలు, పంటే దాన్ని దించుతుంది. వానకాలంలో, కట్ట నాని ఉన్నప్పుడు, ఆపద ఉంటే తప్ప చెరువు ఖాళీ చేసే పని పెట్టుకోవద్దు.

ఎట్లా దించాలి? నెమ్మదిగా. ఇది అందరూ తేలికగా తీసుకునే మాట. నిండు చెరువులో కట్ట మట్టి నీళ్లు తాగి బరువెక్కి ఉంటుంది. బయటి నీళ్లు దాన్ని ఒత్తి పట్టుకుని ఉంటాయి. తూములన్నీ ఒక్కసారి ఎత్తి గబగబా దించితే బయటి ఒత్తిడి పోతుంది, లోపలి తేమ అట్లనే ఉంటుంది. అప్పుడు లోపలి వాలు రాళ్లతో సహా జారుతుంది. అందుకే మన చిన్న చెరువుల్లో నీళ్లు రోజుకు జానెడు కంటే ఎక్కువ దిగనియ్యొద్దు. గొలుసుకట్టులో పైచెరువు తూము ఎత్తే ముందు కింది చెరువులో జాగా ఉన్నదా, దాని అలుగు ముందర పూడిక ఉన్నదా చూసుకోవాలి. వాగు దాటే బాటలున్న ఊళ్లలో డప్పు కొట్టించి చెప్పాలి. సరళాసాగర్ సైఫన్లు అందుకున్నప్పుడు మదనాపురం దగ్గర రాకపోకలు ఆగుతాయని మనకు తెలిసిందే. వాగుకు తెలుస్తుంది కానీ, బండి మీద వచ్చే మనిషికి తెలియదు.

పాత రాతి తూములకు నీళ్లున్నప్పుడు మనిషిని ముంచి మూత తీయించొద్దు. మూత కదిలిన క్షణం నీళ్లు లాగే లాగుడుకు చెయ్యి, కాలు ఇరుక్కుంటే మనిషి పైకి రాడు. రాడ్డు, షట్టరు చెడిపోయి ఉంటే మోటర్లు పెట్టి దించి, ఆ తరువాతనే బాగు చేయాలి.

కట్ట బయట ఊట కనబడితే దాని రంగు చూడాలి. నీళ్లు తేటగా వస్తుంటే ప్రతిరోజూ చూస్తూ ఉండాలి, ఇంజినీరుకు చెప్పాలి. బురదగా వస్తుంటే కట్ట లోపలి మట్టి కొట్టుకపోతున్నట్టే. అప్పుడు ఆలస్యం పనికిరాదు. కింది ఊళ్లకు చెప్పి, తూము ఎత్తి మట్టం తగ్గించాలి. బయట ఊట మూతిని బంకమట్టితో మూయొద్దు, ఒత్తిడి ఇంకో దిక్కు దారి వెతుక్కుంటుంది. ఇసుక, దాని మీద కంకర వేస్తే మట్టి నిలుస్తుంది, నీరు పోతుంది. ఎంత కంగారున్నా ఊరివాళ్లే గడ్డపారలు పట్టి కట్ట తెంపే పని చేయొద్దు. తెంపింది మూరెడే అయినా నీళ్లు దాన్ని నిమిషాల్లో పెద్దది చేస్తాయి.

చెరువుకు చెప్పిన సూత్రమే బావికీ, ఫారంపాండ్‌కూ వర్తిస్తుంది. పూడిక తీయడానికి బావి తోడేటప్పుడు వేగంగా తోడితే ఒడ్లు కూలుతాయి. లోపల డీజిల్ ఇంజను నడపొద్దు. దీపం దించి చూస్తే ఆరిపోయిన బావిలోకి ఎవరూ దిగొద్దు. వెలిగినంత మాత్రాన కూడా భద్రమని అనుకోవద్దు, విషగాలి అన్నిసార్లూ దీపానికి దొరకదు. దిగే మనిషి నడుముకు తాడు, పైన ఇద్దరు మనుషులు ఉండాలి, మోటరు ఫ్యూజులు పీకి ఉండాలి. తోటలకు కవరు పరిచిన ఫారంపాండ్‌ను వానకాలంలో ఖాళీ చేస్తే కింది ఊట కవరును పైకి లేపుతుంది. పట్నంలో సిమెంటు ఈత కొలను కూడా ఇట్లనే లేచి పగులుతుంది. ఎండాకాలంలోనే దించాలి, అడుగున కొన్ని నీళ్లు బరువుకు ఉంచాలి. కవరు మీద కాలు నిలవదు, పిల్లలు జారితే ఎక్కలేరు. చుట్టూ కంచె, లోపలికి ముడులేసిన తాడు తప్పకుండా ఉండాలి.

ఇంక అసలు పంచాయితీ, ఎవరు చెప్తే దించాలి అనేది. ఇవాళ ఇది ఎవరి చేతిలోనూ లేదు, అందుకే బలమున్నోడి చేతిలో ఉంది. శిఖంలో పంట వేసినాయన మునుగుతుందని రాత్రిపూట తూము ఎత్తుతాడు. చేపలు తొందరగా పట్టాలని ఇంకొకరు ఎత్తుతారు. చివరి మడి రైతు తెల్లారి లేచి చూస్తే నీళ్లుండవు. మత్స్య సొసైటీ వాళ్లను తప్పు పట్టి లాభం లేదు. చెరువు ఎప్పుడు దించుతారో వాళ్లకు ముందే చెప్తే చేప సైజు చూసుకుని, మంచి ధరకు పట్టుకుంటారు. చెప్పకపోతే వాళ్లూ నష్టపోతారు.

కొందరు రైతులు అడుగుతారు, చెరువు దించితే బోర్లు ఎండవా, పశువులకు నీళ్లెట్లా అని. న్యాయమైన భయం అది. అందుకే అన్ని చెరువులూ ఒకే ఏడాది వద్దు. గొలుసులో ఏటా ఒకటి చొప్పున వంతు పెట్టుకోవాలి. అడుగు మడుగులో పశువులకు నీళ్లు ఉంచాలి. దించిన ఏడాది పూడిక మట్టి చేలకు తోలుకుంటే ఎరువు ఖర్చు కూడా తగ్గుతుంది. మిషన్ కాకతీయ 2015లో మొదలైనప్పుడు పూడిక తీశారు. తీసిన పూడిక మళ్లీ చేరుతుంది. ఒకసారి చేసి వదిలేసే పని కాదిది.

నీటి సంఘాల చట్టం 1997లో వచ్చింది. మన దగ్గర ఆ సంఘాలకు ఎన్నికలు జరిగి ఏళ్లు గడిచినయి. సంఘం లేని చెరువుకు అధికారి ఒక్కడే దిక్కు, ఆ అధికారికి పదుల చెరువులు.

అందుకని మన సంఘం ఈ యాసంగిలోనే మూడు డిమాండ్లు పెట్టాలని కోరుతున్నాను. ఒకటి, ప్రతి చెరువుకూ నింపే షెడ్యూలుతో పాటు దించే షెడ్యూలు ఇరిగేషన్ శాఖ రాసి గ్రామ పంచాయితీ గోడకు అంటించాలి. రెండు, నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టాలి, అందులో మత్స్యకారులకూ చివరి ఆయకట్టు రైతుకూ మాట ఉండాలి. మూడు, ప్రతి చెరువుకూ జీతమిచ్చి ఒక నీరటిని పెట్టాలి.

డిమాండ్లు తీరేదాకా ఆగనక్కర లేదు. ప్రతి ఊరి కమిటీ ఈ నెలలో ఒక పొద్దు కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడవండి. చూసింది కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి ఇంజినీరుకు ఇవ్వండి, నకలు మండల కమిటీకి పంపండి. గండి పడినంక పరిహారం అడగడం కంటే ఈ నడక చాలా తేలిక.