లోపలున్నవాడి రోగం

"ఏవండీ మాస్టారూ, తప్పు చేసి లోపలికెళ్ళినోడికి మళ్ళీ డాక్టరేంటండీ? రాత్రిపూట గుండెల్లో నొప్పొస్తే మనకే దిక్కులేదు గదండీ!"

ఓడలరేవులో ఈ మాట ఎవరన్నా నేను కొట్టిపారెయ్యను. ఓఎన్‌జీసీ టెర్మినల్ దీపాలు తెల్లవార్లూ వెలిగే ఊళ్ళో, వేట నుంచి వచ్చిన మనిషికి ఆయాసమొస్తే అమలాపురం దాకా మోసుకెళ్ళాల్సిందే. ఆ కోపంలో న్యాయముంది. కాకపోతే అది వెళ్ళి తగలాల్సింది ఖైదీకి కాదు.

ఎంత లేనివాళ్ళమైనా మనం ఆటో పిలుస్తాం, చేబదులు తెస్తాం, ఈ డాక్టరు కుదరకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి పోతాం. లోపలున్నవాడు ఆ మూడింట్లో ఒక్కటీ చెయ్యలేడు. తాళం వేసినవాళ్ళే మందూ ఇవ్వాలి. ఇది ఈ మధ్య పుట్టిన ఉదారవాదమేమీ కాదు. ప్రతి జైల్లోనూ రోగులకు ఆసుపత్రో, తగిన చోటో ఉండాలని తెల్లదొరలు 1894లో చేసిన జైళ్ళ చట్టమే చెప్పింది.

ఇక మన కోనసీమ బిడ్డ సంగతి. జి.ఎన్. సాయిబాబా పుట్టింది అమలాపురంలో, బీయే చదివింది ఎస్‌కేబీఆర్ కాలేజీలో. అయిదేళ్ళ వయసులో పోలియో రెండు కాళ్ళనూ తీసుకుంది. ఢిల్లీలో ఇంగ్లీషు పాఠాలు చెబుతుండగా 2014 మేలో మావోయిస్టులతో సంబంధాల కేసులో అరెస్టు చేశారు. 2017 మార్చి 7న గడ్చిరోలి కోర్టు యావజ్జీవం వేసింది. నాగపూర్ సెంట్రల్ జైల్లో అండా సెల్, అంటే గట్టి కాపలా ఉండే ఒంటరి గది. చక్రాల కుర్చీ మనిషికి అక్కడ మరుగుదొడ్డికి వెళ్ళడం కూడా ఇంకొకరి సాయంతోనే. ఆరోగ్యం దిగజారుతోంది, విడిచిపెట్టండని 2018లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల నిపుణులు అడిగారు. 2022 అక్టోబరు 14న హైకోర్టు నిర్దోషి అంది. మర్నాడు శనివారమైనా సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును నిలిపేసింది. పోనీ, వైకల్యాన్ని చూసి ఇంట్లోనైనా నిర్బంధించండని ఆయన లాయరు అడిగితే ఒప్పుకోలేదు. 2024 మార్చి 5న హైకోర్టు మళ్ళీ నిర్దోషి అంది. వెళ్ళేటప్పుడు పోలియో తప్ప మరో జబ్బు లేదని, వచ్చేటప్పుడు ఒంట్లో ఏదీ సవ్యంగా లేదని బయటికొచ్చాక ఆయన చెప్పారు. అదే ఏడాది అక్టోబరు 12న, పిత్తాశయం ఆపరేషన్ తర్వాత, హైదరాబాదు నిమ్స్‌లో పోయారు. యాభై ఏడేళ్ళు.

ఆ చావుకు జైలే కారణమని చెప్పడానికి నేను వైద్యుణ్ణి కాను. నన్ను కలవరపెట్టింది వేరే. ఆయన పోయాక మనవైపు చాలామంది "అయ్యో, ఏ తప్పూ చేయనివాడికి వైద్యం అందలేదే" అన్నారు. అంటే తప్పు చేసి ఉంటే అందకపోయినా ఫర్వాలేదనేగా? ఆయన రాజకీయాలతో నాకు పేచీలున్నాయి. హైకోర్టు ఆ శిక్షను ఖాయం చేసి ఉన్నా ఈ శీర్షికలో నేను ఇదే మాట రాయాలి. కోర్టు వేసిన శిక్ష స్వేచ్ఛ పోవడం వరకే. దాని మీద నొప్పిని కొసరుగా వడ్డించే అధికారం సూపరింటెండెంటుకు లేదు, మనకూ లేదు. ప్రమాదంలో తెచ్చిన మనిషి నేరస్థుడైనా సరే ముందు ప్రాణం నిలబెట్టాలని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే డాక్టర్లకు చెప్పింది.

మన రాజమండ్రి సెంట్రల్ జైలు దగ్గరికే రండి. 2023లో చంద్రబాబునాయుడు రిమాండులో ఉన్నప్పుడు, వేడికి చర్మం ఇబ్బంది పెడుతోందని డాక్టర్లు చెబితే ఏసీబీ కోర్టు ఏసీకి అనుమతిచ్చింది. కంటి ఆపరేషన్ కోసం అక్టోబరు 31న హైకోర్టు నాలుగు వారాల మధ్యంతర బెయిలిచ్చింది. రెండూ సబబే. ముఖ్యమంత్రిగా చేసిన పెద్దమనిషి ఒంటికి తగిలే వేడి, దొంగతనం కేసులో లోపలున్న కుర్రాడికీ తగులుతుంది. ఆ కుర్రాడి కంటిపొర గురించి హైకోర్టుకు చెప్పేదెవరు? 2022 మే 24 అమలాపురం అల్లర్ల తర్వాత ఎన్నో ఇళ్ళవాళ్ళు జైలు గేటు ముఖం మొదటిసారి చూశారు. షుగరు మాత్రలు చేతిలో పట్టుకుని గేటు బయట నిలబడ్డ తల్లికి ఈ తేడా ఒకరు వివరించక్కర్లేదు.

జైలు డాక్టరు కష్టమూ చూడాలి. రోగి ఒకరు, పై అధికారి ఇంకొకరు. పెద్దాసుపత్రికి పంపమని చీటీ రాస్తాడు. ఎస్కార్టు పోలీసులు దొరకరు. ఆ రోజు ఎక్కడో మంత్రిగారి బందోబస్తు. అపాయింట్‌మెంటు పోతుంది. చీటీ మాత్రం ఫైల్లో భద్రం. వైద్యపరమైన నిర్ణయాన్ని జైలు సిబ్బంది తోసిపుచ్చకూడదని 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాలు చెబుతాయి. ఆ మాట ఇక్కడ నిజం కావాలంటే జైలు డాక్టరు జవాబు చెప్పేది వైద్య ఆరోగ్యశాఖకు కావాలి, జైళ్ళశాఖకు కాదు. ఎస్కార్టు రాని ప్రతిసారీ కారణం రాతపూర్వకంగా జడ్జిగారి బల్ల మీదికి చేరాలి. రాష్ట్ర ప్రభుత్వం తలుచుకుంటే ఇది పెద్ద ఖర్చున్న పనేమీ కాదు.

దేశంలోని ఖైదీల్లో దాదాపు నలుగురిలో ముగ్గురు ఇంకా విచారణలో ఉన్నవాళ్ళే, నేరం రుజువు కానివాళ్ళే. మీవాళ్ళెవరైనా లోపల జబ్బుతో ఉంటే ఊరుకోకండి. పాత వైద్యం చీటీలు పట్టుకుని అమలాపురం కోర్టులో న్యాయసేవల కమిటీని అడగండి. నిర్బంధంలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. జబ్బుపడ్డవాళ్ళకూ అశక్తులకూ బెయిలిచ్చే వీలు కొత్త నాగరిక సురక్షా సంహితలోనూ ఉంది. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే 15100కి ఫోన్ చేయండి.