ఆశక్కకు ఒక గంట

చోరనూరు ఎక్కడుందని మన పాఠకుల్లో చాలామంది అడుగుతారు. కర్ణాటకలోని బళ్లారి జిల్లా సండూరు తాలూకాలో అదొక హోబళి, అంటే కొన్ని ఊళ్ల రెవెన్యూ విభాగం. ఇనుప ఖనిజం కొండల సీమ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి. బళ్లారి, సండూరు మైసూరు రాష్ట్రంలోకి వెళ్లాయి. సరిహద్దు గీసినంత మాత్రాన బంధుత్వాలూ మాటలూ తెగిపోవు కదా. బడిలో కన్నడం చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఆ జిల్లాలో ఈనాటికీ ఉన్నాయి. సండూరు చుట్టుపట్ల తండాల్లో లంబాణీ వినిపిస్తుంది. ఇలాంటి చోట ఇల్లిల్లూ తిరిగే ఆశా కార్యకర్త రిజిస్టరు కన్నడంలో రాస్తుంది, ఒక్కో గడప దగ్గర ఒక్కో భాషలో మాట్లాడుతుంది. ఆశక్క చదువు గురించే ఈ సంపాదకీయం.

ఆరోగ్య కార్యకర్తలకు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే పాఠాలకు ఇవాళ ప్రపంచంలో లోటు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఓపెన్‌డబ్ల్యూహెచ్‌ఓ తెరిచింది. కోవిడ్ రోజుల్లో లక్షలమంది అందులో చేరారు. 2024 డిసెంబరులో ఫ్రాన్సులోని లియాన్‌లో ఆ సంస్థ ఏకంగా ఒక అకాడమీనే ప్రారంభించింది. కంటి వైద్య సిబ్బందికి ఆర్బిస్ వారి సైబర్‌సైట్ ఉంది. మన దేశంలో 2020 ఏప్రిల్‌లో కోవిడ్ సిబ్బంది కోసం ఐగాట్ దీక్ష వచ్చింది. వీటన్నిటిలో నాకు ఎక్కువ నచ్చింది మొబైల్ అకాడమీ. బీబీసీ మీడియా యాక్షన్ 2012లో బీహార్‌లో మొదలుపెట్టిన ఈ కోర్సును 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ తన కార్యక్రమంగా చేసుకుంది. దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు, స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు. ఆశా తన మామూలు ఫోన్ నుంచి డయల్ చేస్తే డాక్టర్ అనిత అనే పాత్ర గొంతు పాఠం చెబుతుంది, అధ్యాయం చివర ప్రశ్నలడుగుతుంది, మీట నొక్కి జవాబివ్వాలి. పొయ్యి దగ్గర కూర్చుని కూడా వినొచ్చు. ఆశా రోజు ఎలా గడుస్తుందో తెలిసినవాళ్లు తయారుచేసిన పాఠమది.

అయినా విన్నదంతా చేతికి రాదు. ఒక్క పని తీసుకుందాం. ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి వచ్చాక 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా వెళ్లి చూడాలి. సబ్బుతో చేతులు కడుక్కుంటుంది, బిడ్డ చంకలో థర్మామీటరు పెడుతుంది, వేలాడే కాటాలో తూస్తుంది. తర్వాత ఊపిరి లెక్కపెడుతుంది. చొక్కా పైకెత్తి, పొట్ట కదలిక చూస్తూ, నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పసిగుడ్డు ఊపిరి ఒకే తీరున ఉండదు. గబగబా నాలుగుసార్లు పీల్చి, కాస్త ఆగి, మళ్లీ మొదలెడుతుంది. అర నిమిషం చూసి రెట్టింపు చేస్తే లెక్క తప్పుతుంది. 60 గానీ అంతకు మించి గానీ వస్తే ఇంకోసారి లెక్కపెట్టాలి. రెండోసారీ అంతే ఉన్నా, డొక్కలు బాగా ఎగరేస్తున్నా వెంటనే ఆసుపత్రికి పంపాలి. పాఠంలో దీన్ని చిన్న వీడియోలో చూపించేయవచ్చు. ఇంట్లో మాత్రం బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటుంది, గదిలో వెలుతురు చాలదు, చలి తగులుతుందని అత్తగారు చొక్కా ఎత్తనివ్వదు. మొదటిసారి 64 వచ్చింది, రెండోసారి 57 వచ్చింది. ఇప్పుడు పంపాలా, ఆగాలా?

రికార్డు చేసిన పాఠాన్ని ఈ ప్రశ్న అడగలేం. అనుభవమున్న నర్సు ఫోన్‌లో ఉంటే ఎదురు ప్రశ్నలేస్తుంది: పాలు లాగుతోందా, ఒళ్లు చల్లబడిందా, నిన్నటికన్నా మగతగా ఉందా? అన్నీ బాగుంటే సాయంత్రం మళ్లీ వెళ్లి చూసి రమ్మంటుంది, ఏ ఒక్కటి తేడాగా ఉన్నా బండి పిలవమంటుంది. ఆ రోజు అబ్బిన పాఠాన్ని ఆశక్క మళ్లీ మరవదు. ఉచిత విద్య పేరిట ప్రపంచమంతా కోర్సులు గుట్టలుగా పోస్తోంది. మారుమూల పనిచేసేవాళ్లకు కరువైంది అడగడానికి ఒక మనిషి.

ఈ మాట నేను ఊహించి రాస్తున్నది కాదు. పసిబిడ్డను ఇంటి దగ్గరే చూసుకునే ఈ పద్ధతికి పునాది మహారాష్ట్రలోని గడ్చిరోలిలో పడింది. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల సెర్చ్ సంస్థ పల్లె స్త్రీలకు ఈ పనులన్నీ నేర్పింది. ఆ ఊళ్లలో నవజాత శిశు మరణాలు, పోల్చి చూసిన ఊళ్లకన్నా 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. అక్కడ నేర్పి వదిలేయలేదు. డాక్టరు క్రమం తప్పకుండా ఊళ్లకు వెళ్లి వాళ్ల రాతలు చూసి, తప్పులు దిద్దేవాడు. మన దేశం ఆ పద్ధతిని అన్ని రాష్ట్రాలకూ తీసుకెళ్లింది. వెనకుండి దిద్దే ఆ మనిషిని మాత్రం అన్ని ఊళ్లకూ పంపలేకపోయింది.

దూరం నుంచి ఆ దిద్దుబాటు సాధ్యమేనని నిరూపించింది అమెరికాలో స్థిరపడిన భారతీయ వైద్యుడు సంజీవ్ అరోరా. న్యూమెక్సికో రాష్ట్రంలోని అల్బుకర్కీలో ఆయన కాలేయ నిపుణులు. హెపటైటిస్ సి రోగులు ఆయన్ను చూడాలంటే ఎనిమిది నెలలు ఆగాలి, వందల మైళ్లు రావాలి. ఆ లోపు జబ్బు ముదిరి చేయిదాటిపోయేది. 2003లో ఆయన ప్రాజెక్ట్ ఎకో మొదలుపెట్టారు. పల్లె క్లినిక్‌లలోని వైద్యులు, నర్సులు వారానికోసారి వీడియోలో కలుస్తారు. ఉపన్యాసం కొద్దిసేపే. మిగతా సమయమంతా పల్లెవాళ్లే తమ దగ్గరున్న రోగి సంగతి, పేరు చెప్పకుండా, వివరిస్తారు. నిపుణులూ తోటివాళ్లూ కలిసి దారి వెతుకుతారు. ఒకరి కేసు విని పదిమంది నేర్చుకుంటారు. 407 మంది రోగులపై జరిగిన పరిశీలన 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. విశ్వవిద్యాలయ క్లినిక్‌లో 57.5 శాతం మందికి వైరస్ పోతే, పల్లె క్లినిక్‌లలో, జైళ్లలో చికిత్స పొందినవారిలో 58.2 శాతం మందికి పోయింది. ఆనాటి మందులు వాడటం ఎంత కష్టమో తెలిసిన వైద్యులకు ఈ ఫలితం విలువ తెలుస్తుంది. బెంగళూరు నిమ్హాన్స్ ఇదే పద్ధతిలో మానసిక వైద్యాన్ని జిల్లాలకు చేరుస్తోంది.

మన తెలుగువారిలోనూ ఈ దారి తొక్కినవారున్నారు. అమెరికాలోని రోచెస్టర్ నుంచి తిరిగొచ్చిన గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తెరిచారు. ఊళ్లోని యువతీయువకులనే తీసుకుని, ఏడాది శిక్షణ ఇచ్చి, విజన్ టెక్నీషియన్లుగా పల్లె కేంద్రాల్లో కూర్చోబెట్టారు. వాళ్ల వెనక నిపుణుల వరుస ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అనుమానమొస్తే అడుగుతారు.

ప్రవాసులం పుట్టిన గడ్డకు ఇచ్చింది తక్కువేం కాదు. గుంటూరు వైద్య కళాశాల పూర్వ విద్యార్థులు అమెరికాలో కూడబెట్టిన సొమ్మును కోట్లలో ఇచ్చి పెద్దాసుపత్రికి మాతాశిశు భవనం కట్టించడానికి పూనుకున్నారు. చేతులెత్తి మొక్కాల్సిన పని. కానీ సండూరు ప్రాంతపు అవసరం వేరు. 2015 గనుల చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధిని గనుల ఊళ్ల వైద్యానికి ఖర్చు పెట్టవచ్చు. గోడలకూ అంబులెన్సులకూ అక్కడ దారి ఉంది. మనం ఇవ్వగలిగింది మన వైద్యుల, నర్సుల సమయం. దాని అవసరం ఎంతో చూడండి: కర్ణాటకలో 2018-20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు 69 మంది తల్లులు చనిపోయారు. దక్షిణాది రాష్ట్రాల్లో అప్పుడు అదే ఎక్కువ. ఆంధ్రలో 45, తెలంగాణలో 43, కేరళలో 19.

అందుకే మన ప్రవాస తెలుగు సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. కొత్త వెబ్‌సైటూ వద్దు, కొత్త కోర్సూ వద్దు. బళ్లారి జిల్లా ఆరోగ్యశాఖ అనుమతి తీసుకుని, వారి ఆధ్వర్యంలోనే, చోరనూరు హోబళి ఆశాలతో పదిహేను రోజులకోసారి ఒక గంట. వాళ్లు అడుగుతారు, మనవాళ్లు వింటారు. విదేశంలో ఉన్న వైద్యుడికి మన దేశంలో రిజిస్ట్రేషన్ లేకపోతే ఇక్కడి రోగికి మందు రాయకూడదు. 2020 మార్చి నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఆ సంగతి స్పష్టంగా చెబుతున్నాయి. కాబట్టి ఇది నేర్పడానికే, వైద్యం చేయడానికి కాదు. రోగి పేరు గానీ ఫొటో గానీ బయటికి రాకూడదు.

సమయం ఎవరికి అనుకూలంగా ఉండాలన్నది నాకు ముఖ్యం. అమెరికా తూర్పు తీరపు సభ్యులకు వీలైన ఉదయం ఎనిమిదంటే చోరనూరులో సాయంత్రం ఐదున్నరో ఆరున్నరో. ఆశక్క అప్పుడు నీళ్లు పట్టాలి, వంట చేయాలి. ఆమెకు కాస్త తీరిక దొరికేది మధ్యాహ్నం మూడింటికి. లండన్‌లో అప్పుడు ఉదయం తొమ్మిదిన్నరో పదిన్నరో, కువైట్‌లో పన్నెండున్నర. అంటే ఈ పని ముందుగా బ్రిటన్, గల్ఫ్ సభ్యుల మీద పడుతుంది. అందులోనూ డాక్టర్లకన్నా నర్సుల మీద. ప్రసూతి వార్డులో ఏళ్ల తరబడి పనిచేసిన తెలుగు నర్సులు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. మన సభల్లో వాళ్లను వేదికెక్కించడం మనం ఎప్పుడో చేయవలసింది.

పాఠం ఉచితమైనా ఆశక్క సమయం ఉచితం కాదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు అవార్డు ఇచ్చింది. 2025 జనవరిలో అదే ఆశాలు బెంగళూరు ఫ్రీడం పార్కులో చలిలో కూర్చుంటే తప్ప నెలకు 10,000 రూపాయల హామీ రాలేదు. వాళ్లను ఇంకో గంట కూర్చోమని అడిగే ముందు ఆ గంటకు భత్యం, ఫోన్ డేటా ఖర్చు సంఘం భరించాలి. శాఖ ద్వారానే చెల్లించాలి.

మాట్లాడబోయేవారికి ఒక షరతు. ఆశాల శిక్షణ పుస్తకాల్లో ఆరు, ఏడు మాడ్యూళ్లు ముందు చదవాలి. ఆ ఊళ్లలో లేని స్కానింగు, దొరకని మందు పేర్లు చెబితే నేర్చుకునేవాళ్లు నీరుగారిపోతారు. గనుల ఊళ్ల గురించి కూడా తెలుసుకోవాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలని ఆశాలకు తెలుసు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకున్న మనిషికి క్షయ సోకే ప్రమాదం ఎక్కువ. ఏ పని చేస్తున్నావు, ఎన్నేళ్లుగా, అన్న ప్రశ్న అక్కడ మొదటే అడగాలి. ప్రపంచం కోసం తయారైన పాఠాల్లో సండూరు ఎర్రదుమ్ముకు చోటుండదు. దాని సంగతి మనకు చెప్పాల్సింది ఆశాలే.

వచ్చే సంచిక లోపు పేర్లు పంపండి. తెలుగుతోపాటు కన్నడం వచ్చినవాళ్లు మొదట రాయండి. లంబాణీ వచ్చినవాళ్లు ఒక్కరున్నా మాకు పెద్ద ఆసరా. మొదటి గంటలో మాట్లాడుకోవాలనుకుంటున్న విషయం పసిబిడ్డ ఊపిరి లెక్క.