మొదటి గడప

మాదాపురమున రాళ్లగుట్టల నడుమ 1998లో సైబర్ టవర్సు వెలసినది మొదలు పడమటి హైదరాబాదు తెలుగు యువజనుల నందరిని తన వైపునకు లాగుచున్నది. కోస్తా నుండియు, రాయలసీమ నుండియు, తెలంగాణ పల్లెల నుండియు వచ్చినవారు వేలకొలది యిచటి హాస్టళ్లలో నివసించుచున్నారు. వారిలో స్వలింగానురాగులు కలరు, ట్రాన్స్‌జెండరులు కలరు. ఇంటిలో చెప్పుకొనలేని మాటను మోయుచు వారు మొదట చేరునది వైద్యుని గడప, ఉపాధ్యాయుని గడప, వకీలు గడప, పోలీసు ఠాణా గడప. ఆ గడపయొద్ద వారికి లభించు సమాధానమెట్టిది?

చట్టము లేదని యెవ్వరును సాకు చెప్పజాలరు. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండరుల గుర్తింపును హక్కుగా నంగీకరించినది. 2018 సెప్టెంబరు 6వ తేదీన వయోజనుల పరస్పరాంగీకార సంబంధమును 377వ సెక్షను నుండి తప్పించినది. లైంగికాభిముఖ్యమును బట్టి మానసిక చికిత్సలో భేదము చూపరాదని 2017 నాటి చట్టము శాసించుచున్నది.

చట్టము మారినంతనే మన నోరు మారదు. కొన్నియేండ్ల క్రిందట ఒక తండ్రి నాయొద్దకు వచ్చి, “వకీలుగారూ, మావాడు గచ్చిబౌలిలో నుద్యోగము చేయుచున్నాడు. ఆడువారిపై మనసు లేదు, పెండ్లి వలదనుచున్నాడు. ఏమి చేయుమందురు?” అని యడిగెను. సెక్షనులన్నియు నాకు కంఠస్థములే. అయినను, “మంచి డాక్టరుకు చూపింపుడు, సర్దుకొనును” అంటిని. ద్వేషముతో నన్న మాట కాదు. తెలియక యన్న మాట. ఆ డాక్టరును తెలియనివాడే యైనచో ఆ కుమారుని గతి యేమి? ఆ తండ్రి మరల రాలేదు. నా మాటను వెనుకకు తీసికొను నవకాశము నాకు లభింపలేదు.

తన తెలియమిని దాచుకొనని న్యాయమూర్తి యొకరు మనకు మార్గదర్శకులు. 2021లో, తల్లిదండ్రులకు వెరచి మధుర నుండి చెన్నపట్నము చేరిన యిద్దరు యువతుల వ్యాజ్యము మద్రాసు హైకోర్టున జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ గారి యెదుటికి వచ్చెను. ఈ విషయము తమకు పూర్తిగా తెలియదని యొప్పుకొని, వారు మనస్తత్వ నిపుణురాలియొద్ద కూర్చుండి నేర్చుకొని, పిమ్మట ఆజ్ఞలు వ్రాసిరి. న్యాయాధికారులకు, పోలీసులకు, వైద్యులకు, విద్యాసంస్థలకు శిక్షణ కావలయుననిరి. ఆ వ్యాజ్యము మూలముననే, స్వభావమును మార్చెదమను చికిత్సను జాతీయ వైద్య కమిషను 2022లో వృత్తిదోషముగా ప్రకటించినది.

ఇది కంపెనీలతో దిగుమతియైన పడమటి వింత యనువారు కలరు. ట్రాన్స్‌జెండరుల పేర్లు పట్టికలో నెక్కించుటకును, ఆడువేషమున వీధిలో కనబడినవారిని వారంటు లేక పట్టుకొనుటకును నిజాము రాజ్యమున 1329 ఫస్లీలో, అనగా 1919 ప్రాంతమున, ఒక చట్టము పుట్టెను. దానిని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టివేసినది. సైబర్ టవర్సునకు దాదాపు ఎనుబదియేండ్ల ముందే శిక్షింపబడినవారు నేటి దిగుమతి యెట్లగుదురు? వ్యాధియనువారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే సమాధానము చెప్పినది. స్వలింగానురాగమును రోగముల పట్టిక నుండి తొలగించినది.

2024 డిసెంబరులో 39 మంది ట్రాన్స్‌జెండరులకు శిక్షణ నిచ్చి ప్రభుత్వము వారిని నగరపు కూడళ్లలో ట్రాఫిక్ సహాయకులుగా నియమించినది. మెచ్చదగిన కార్యమే. నగరమునకు సేవ చేయుట వారికి నేర్పితిమి; వారికి సేవ చేయుట నగరమునకు నేర్పితిమా?

నేర్పవలసినది కొండంత కాదు. చెప్పినవాని రహస్యమును వాని యనుమతి లేక తల్లిదండ్రులకైనను చేరవేయరాదు. కోరిన పేరుతో పిలువవలయును. పెండ్లిని మందుగా సూచింపరాదు. తనకు తెలియనిచో తెలిసినవారియొద్దకు పంపవలయును. కంపెనీ గేటు లోపలి తరగతులతో నిది తీరదు. ఇంటర్మీడియేటు కళాశాలలో, వైద్య కళాశాలలో, పోలీసు శిక్షణాలయమున, బారు అసోసియేషనున ఇది విధిగా నేర్పబడవలయును.

మొదట మా బారే పూనుకొనవలయునని నా మనవి. రేపు మరియొక తండ్రి వచ్చును. “మీ వానికి రోగము లేదు, ముందు వాని మాట వినుడు” అని చెప్పగల వకీలు ఆనాడైనను గడపయొద్ద నుండవలయును.