సగటు నిజమైతేనే సమాన పోటీ

బలవంతుడినీ బలహీనుడినీ ఒకే బరిలో దింపి, గెలుపు ఎవరిదని చూడడం న్యాయం అనిపించుకోదు. బండలాగుడు పోటీలు నిర్వహించేవారు ఈ సంగతి ఎరుగుదురు. అందుకే ఎడ్లజతలను రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి అని వేరుచేసి బరిలోకి దింపుతారు. అమెరికాలో బౌలింగ్ లీగులవారు ఇదే చిక్కును లెక్కతో తీర్చుకున్నారు.

ఇది క్రికెట్ బౌలింగ్ కాదు. 60 అడుగుల నున్నటి బాట మీద బరువైన బంతిని దొర్లించి, చివర నిలబెట్టిన 10 పిన్నులను పడగొట్టే ఆట. ఒక ఆటలో అత్యధిక స్కోరు 300. లీగులో ఆరితేరినవారూ, కొత్తవారూ కలిసి వారం వారం ఆడతారు. ఆ తారతమ్యాన్ని పూడ్చేందుకు ఇచ్చే అదనపు పాయింట్లే హ్యాండిక్యాప్.

లీగు ఒక అంకెను, ఒక శాతాన్ని ముందే నిర్ణయిస్తుంది. అంకె 220, శాతం 90 అనుకుందాం. సగటున 150 చేసేవాడికి తేడా 70. అందులో 90 శాతం, అంటే 63 కలుస్తాయి. సగటు 200 ఉన్నవాడికి 18 కలుస్తాయి. ఇద్దరూ తమ సగటుకు తగ్గట్టు ఆడితే 213, 218 అవుతాయి. నేర్పరికి 5 పాయింట్ల మొగ్గు మిగులుతుంది. నూరు శాతం ఇస్తే ఆ మొగ్గూ ఉండదు. సాధన చేసినవాడి కష్టానికి కొంత విలువ ఉండాలనేవారు 90 శాతాన్ని సమర్థించడం సబబే.

అయితే అసలు ప్రమాదం శాతంలో లేదు, సగటులో ఉంది. 170 చేయగలవాడు కావాలని చెడగా ఆడి 150 సగటు చూపితే, 45కు బదులు 63 పొందుతాడు. బహుమతి ఆటనాడు తన అసలు ఆట ఆడితే 233 చేసి, 200 సగటువాడిని సునాయాసంగా ఓడిస్తాడు. ఈ మోసానికి అక్కడ ‘శాండ్‌బ్యాగింగ్’ అని పేరు. 2005లో ఏర్పడిన యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ నియమాల ప్రకారం దీనికి సస్పెన్షన్ విధించవచ్చు.

ఎద్దు నోరు తెరిచి పళ్లు లెక్కించవచ్చు. మనిషి సత్తాకు అతని స్కోర్ల చిట్టా తప్ప వేరే సాక్ష్యం లేదు. కాబట్టి ఆ చిట్టా అందరి కళ్ల ఎదుట ఉండాలి, వారం వారం సరిచూడాలి. దొంగ సగటుతో బహుమతి కొట్టేవాడు ఓడించేది నేర్పరిని మాత్రమే కాదు. నిజంగా సాయం అవసరమైన కొత్తవాడిని కూడా అనుమానం పాలు చేస్తాడు. అటువంటివారి పట్ల లీగులు మెతకవైఖరి చూపరాదు.